డిప్లొమా చివరి ఏడాదిలో ఉన్నాను, ఫిజిక్స్ చదవాలని ఉంది

ఈసారి ఉత్తరం కూకట్‌పల్లి నుంచి. పేరు రాయొద్దంది కాబట్టి రాయడం లేదు. పంతొమ్మిదేళ్ల అమ్మాయి, ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్) డిప్లొమా మూడో సంవత్సరం. వాళ్ల నాన్న ఇరవై రెండేళ్లుగా బాలానగర్‌లో లేత్ మీద పని చేస్తున్నారు, అమ్మ ఇంట్లోనే బట్టలు కుడుతుంది, తమ్ముడు ఇంటర్ మొదటి ఏడాది. పదో తరగతి తెలుగు మీడియంలో మంచి మార్కులతో పాసైంది. "ఇంటర్ అయితే మళ్లీ ఎంసెట్ కోచింగ్‌కి డబ్బులు కావాలి, డిప్లొమా అయితే మూడేళ్లకి చేతికి పని వస్తుంది" అని నాన్న పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాయించారు. తనకి అప్పుడు ఏ అభిప్రాయమూ లేదట.

రెండో ఏడాది ల్యాబ్‌లో డయోడ్ (కరెంట్‌ని ఒకవైపే పోనిచ్చే చిన్న భాగం) గ్రాఫ్ గీస్తున్నప్పుడు ఒక సందేహం వచ్చింది. సిలికాన్ డయోడ్ 0.7 వోల్టుల దగ్గర, జెర్మేనియం డయోడ్ 0.3 దగ్గర కరెంట్ ఇవ్వడం మొదలుపెడుతున్నాయి, ఎందుకు? సార్‌ని అడిగితే "అది మెటీరియల్ ప్రాపర్టీ అమ్మా, సిలబస్‌లో లేదు, రీడింగ్స్ రాసుకో" అన్నారు. ఆ రాత్రి నుంచి ఫోన్‌లో ఫిజిక్స్ పాఠాలు వినడం మొదలుపెట్టింది, సగం అర్థమవుతాయి, సగం కావు, అయినా ఆపలేకపోతోంది. ఇప్పుడు బీఎస్సీ ఫిజిక్స్‌లో చేరాలని ఉంది. నాన్న మాత్రం డిప్లొమా వాళ్లకి ఉండే ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరమంటున్నారు. మేనమామ "మూడేళ్ల డిప్లొమా గంగలో కలిపి, ఇంటర్ పిల్లల పక్కన కూర్చుని మళ్లీ మొదటి నుంచి చదువుతావా" అని అందరి ముందూ అన్నాడు. చర్లపల్లి దగ్గర ఒక కంపెనీ నుంచి 17 వేల జీతంతో ఉద్యోగం వచ్చేలా ఉంది, షిఫ్ట్ డ్యూటీ. పైగా మొదటి ఏడాది మ్యాథ్స్ ఒకసారి ఫెయిలై, రెండోసారి 43 మార్కులతో గట్టెక్కింది. చివర్లో ఇలా రాసింది: "మేడమ్, నాకు ఫిజిక్స్ నిజంగా ఇష్టమా, లేక ఇంజనీరింగ్ అంటే భయమా, నాకే తెలియడం లేదు. మూడేళ్లు వేస్ట్ చేసుకున్నానా?"

అమ్మా, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చాలా ఏళ్లు డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పినదాన్ని నేను, నీలాగే డిప్లొమా నుంచి వచ్చిన పిల్లలు నా క్లాసుల్లో కూర్చున్నారు, అందుకని కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు ఆ మూడేళ్ల సంగతి. మీ మామయ్య మాట నీ మనసులో ముల్లులా దిగబడిపోయినట్టుంది, ఉత్తరంలో నాలుగుచోట్ల "మూడేళ్లు" అని రాశావు. కాగితం మీద లెక్క వేసి చూడు. నీతో పదో తరగతి చదివి ఇంటర్‌కి వెళ్లినవాళ్లు రెండేళ్లలో ఇంటర్ ముగించి డిగ్రీలో చేరారు. నువ్వు మూడేళ్ల తర్వాత చేరతావు. తేడా ఒక్క ఏడాది. ఇంకోటి, ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరినా నీకు మిగిలేది మూడేళ్ల చదువే, బీఎస్సీ కూడా మూడేళ్లే. రెండు డిగ్రీలూ ఒకే వేసవిలో చేతికొస్తాయి. "మళ్లీ మొదటి సంవత్సరం" అన్న మాట వినడానికి అవమానంగా ఉంటుంది కానీ క్యాలెండర్‌లో నువ్వు పోగొట్టుకునేది ఏమీ లేదు. అసలు తేడా ఆ తర్వాత వస్తుంది, అది మాత్రం నీ నుంచి దాచను. బీటెక్ అవగానే ఉద్యోగానికి వెళ్లొచ్చు. ఫిజిక్స్‌లో బీఎస్సీ ఒక్కటే అయితే చేతికి పెద్దగా ఏమీ రాదు, ఎమ్మెస్సీ రెండేళ్లు చేయాలి, పరిశోధన వైపు వెళ్తే పీహెచ్‌డీ ఇంకో అయిదారేళ్లు, అయితే ఆ దశలో నెట్ లాంటి పరీక్షలు నెగ్గితే ఫెలోషిప్ వస్తుంది. అంటే మీ ఇంట్లో రెండో జీతం రావడం కనీసం రెండేళ్లు వెనక్కి పోతుంది. మీ నాన్న భయం అదే. మీ మామయ్య చెప్పిన కారణం తప్పు, మీ నాన్న భయం మాత్రం నిజమైనదే, ఆ రెండింటినీ నువ్వు కలిపేసుకుంటున్నావు.

ఇక దారులు. నేరుగా బీఎస్సీలో చేరాలంటే డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ ప్రవేశాల పద్ధతి దోస్త్ ద్వారా వెళ్లాలి. అందులో అర్హత ఇంటర్ "లేదా తత్సమానం". నీ పని మొత్తం ఆ తత్సమానం అన్న మాట మీద ఆధారపడి ఉంది, అందుకే ఎవరో చెప్పారని ఊరుకోకు. పరీక్షలకి ముందే ఒకరోజు సెలవు పెట్టి, డిప్లొమా మెమోలన్నీ పట్టుకుని, దోస్త్ హెల్ప్‌లైన్ సెంటర్‌గా ఉన్న ఏదైనా ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి వెళ్లు, నీ డిప్లొమాతో ఫిజిక్స్ ఉన్న గ్రూపు వస్తుందా, ఏ సర్టిఫికెట్ అడుగుతారు అని తేల్చుకో. తత్సమానం సర్టిఫికెట్ తెమ్మంటే నాంపల్లిలో ఇంటర్ బోర్డు, మాసబ్‌ట్యాంక్‌లో మీ డిప్లొమా బోర్డు ఎస్‌బీటీఈటీ ఆఫీసు తిరగాల్సి వస్తుంది, జూన్‌లో తిరిగితే సీట్లు అయిపోతాయి, ఇప్పుడు తిరిగితే సమయం ఉంటుంది. ఇంటర్ పిల్లలకి హాల్‌టికెట్ నంబర్ కొట్టగానే మార్కులు వచ్చేస్తాయి, వేరే బోర్డు వాళ్లు మెమోలు అప్‌లోడ్ చేసి పరిశీలన చేయించుకోవాలి, అందుకు నాలుగు రోజులు ఎక్కువే వేసుకో.

గ్రూపు ఎంచుకునేటప్పుడు ఒక పొరపాటు చాలామంది చేస్తారు, నువ్వు కూడా చేసే అవకాశం ఉంది కాబట్టి చెప్తున్నా. ఎంఈసీఎస్ చూసి "ఎలక్ట్రానిక్స్ ఉంది కదా, నాకు తెలిసిందే" అని ఆప్షన్ పెట్టేస్తారు. అందులో మ్యాథ్స్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్స్ ఉంటాయి, ఫిజిక్స్ ఉండదు! మ్యాథ్స్, ఫిజిక్స్ రెండూ ఉన్న గ్రూపే పెట్టు. మూడోది ఎలక్ట్రానిక్స్ దొరికితే నీకు అదృష్టం, లేకపోతే కంప్యూటర్స్. కెమిస్ట్రీ తీసుకోవచ్చు కానీ డిప్లొమాలో నువ్వు చదివిన కెమిస్ట్రీ చాలా తక్కువ, ఆర్గానిక్ మొదటి నుంచి నేర్చుకోవాలి, మ్యాథ్స్‌తో పాటు అదీ నెత్తిన పెట్టుకోకు. కాలేజీ విషయానికొస్తే బషీర్‌బాగ్ నిజాం కాలేజీ, సైఫాబాద్ సైన్స్ కాలేజీ, హైకోర్టు పక్కన సిటీ కాలేజీ, ఇలాంటి చోట్ల ల్యాబ్‌లు ఉంటాయి, ఫీజు వేలల్లోనే ఉంటుంది. ఇంటి దగ్గర చిన్న ప్రైవేటు కాలేజీలో చేరే ముందు మాత్రం ఫిజిక్స్ ల్యాబ్ తెరిచి చూపించమని అడుగు, పోయినేడు ఆ గ్రూపులో ఎంతమంది చేరారో కూడా అడుగు, పిల్లలు మరీ తక్కువైతే గ్రూపే ఎత్తేస్తుంటారు.

మీ నాన్న చెప్పే దారి, ఈసెట్, ఫిజిక్స్‌కి తలుపు మూసేది కాదు. బీటెక్ చేసినవాళ్లు గేట్‌లో ఫిజిక్స్ పేపర్ రాయొచ్చు, పరిశోధన సంస్థ టీఐఎఫ్ఆర్ పెట్టే పరీక్ష రాయొచ్చు, జెస్ట్ అనే పరీక్ష ద్వారా కొన్ని పరిశోధన సంస్థలు బీటెక్ వాళ్లని పీహెచ్‌డీకి తీసుకుంటాయి. కానీ ఉస్మానియాలో ఎమ్మెస్సీ ఫిజిక్స్‌కి పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాయాలంటే డిగ్రీలో ఫిజిక్స్ ఉండాలి, అక్కడ బీటెక్ పనికిరాదు. పైగా బీటెక్ మూడేళ్లు సబ్జెక్టులు, ప్రాజెక్టు, ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ మధ్య రాత్రి పదింటికి కూర్చుని క్వాంటమ్ మెకానిక్స్ సొంతంగా నేర్చుకోవాలి. చేసినవాళ్లు ఉన్నారు, మానేసినవాళ్లు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. నాలుగో ఏడాదిలో ఆఫర్ లెటర్ చేతిలో పెట్టుకుని "ఫిజిక్స్ తర్వాత చూద్దాంలే" అనుకోవడం చాలా సులువు. అలా అనుకున్నా అది తప్పేమీ కాదు, కానీ ఆ దారిలో అలా జరగొచ్చని తెలిసే వెళ్లాలి.

మూడోది, ఉద్యోగంలో చేరి అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో బీఎస్సీ. 1982లో మొదలైంది, దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే, జూబ్లీహిల్స్‌లో ఉంది. ఇంట్లోకి డబ్బు వస్తుంది, మీ తమ్ముడి ఇంటర్ గట్టెక్కుతుంది. కానీ షిఫ్ట్ డ్యూటీ చేసుకుంటూ ప్రాక్టికల్స్‌కి సెలవు దొరకాలి, పక్కన అడగడానికి ఎవరూ ఉండరు. నీ ఉత్తరం చూస్తే నీకు ఇన్నాళ్లూ లేనిది అడగడానికి మనిషే అనిపించింది. అందుకని ఈ దారి ఇంట్లో నిజంగా డబ్బు అత్యవసరమైతేనే. నాలుగోది, ఒక ఏడాది ఆగి సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష సీయూఈటీ రాసి గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీలో అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీకి ప్రయత్నించడం. సీయూఈటీ రాయడానికి మూడేళ్ల డిప్లొమా కూడా అర్హతగా ఒప్పుకుంటారు, సీటుకి మాత్రం యూనివర్సిటీ తన నిబంధనలు వేరుగా పెడుతుంది, అవి చదువుకోవాలి. క్యాంపస్, ల్యాబ్‌లు, పాఠాలు చెప్పేవాళ్లు, అన్నీ బాగుంటాయి. కానీ ప్రశ్నలు పన్నెండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ నుంచి వస్తాయి, నువ్వు ఇంటర్ చదవలేదు, ఏడాదంతా ఇంట్లో కూర్చుని అది చదవాలి, మామయ్య నోరు ఊరుకోదు. నీ స్థానంలో నా కూతురుంటే ఖాళీగా ఏడాది ఆగమని చెప్పను.

ఒక విషయం ఎవరూ నీకు చెప్పినట్టు లేదు. ఈసెట్ ఈ ఏడాదే రాయాలని రూలు లేదు, డిప్లొమా ఉన్నవాళ్లు వచ్చే మే నెలలోనూ రాయొచ్చు. అంటే బీఎస్సీలో ఏడాది చదివి, ఇది నా వల్ల కాదు అనిపిస్తే, వెనక్కి వచ్చి బీటెక్ రెండో ఏడాదిలో చేరే దారి తెరిచే ఉంటుంది, ఒక ఏడాది పోతుంది అంతే. మధ్యలో మానేస్తే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఏమవుతుందో ముందే కాలేజీ ఆఫీసులో అడిగి పెట్టుకో. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర పెట్టుకోకూడదని 2018లోనే యూజీసీ చెప్పింది, పరిశీలన అవగానే వెనక్కి తీసుకో, టీసీ మాత్రం ఇవ్వక తప్పదు.

ఇప్పుడు మ్యాథ్స్. నాకు నీ గురించి ఉన్న అసలు ఆందోళన ఇక్కడే ఉంది. ఫిజిక్స్ ఇష్టమై వచ్చిన పిల్లలు వీడియోలు చూసి వస్తారు, వీడియోలో బ్లాక్‌హోల్ ఉంటుంది, క్లాసులో ఇంటిగ్రేషన్ ఉంటుంది. మొదటి సెమిస్టర్ మెకానిక్స్‌తోనే కాల్క్యులస్ మొదలవుతుంది, రెండో ఏడాదికి వచ్చేసరికి మ్యాథ్స్ పేపర్‌లో "సాధించు" పోయి "నిరూపించు" వస్తుంది. డిప్లొమా నుంచి వచ్చిన ఒక అబ్బాయి నాకు బాగా గుర్తు. ల్యాబ్‌లో అందరికంటే ముందుండేవాడు, సీఆర్ఓ (ఆసిలోస్కోప్) పాడైతే లెక్చరర్లమే అతన్ని పిలిచేవాళ్లం, సోల్డరింగ్ చేస్తే చూడముచ్చటగా ఉండేది. థియరీ పరీక్షలో మాత్రం పాయింట్లు పాయింట్లుగా రాసేవాడు, డెరివేషన్ అడిగితే చివరి ఫార్ములా ఒక్కటే రాసి కింద గీత కొట్టేవాడు, ఎందుకంటే డిప్లొమాలో మూడేళ్లు అదే సరిపోయింది. మొదటి రెండు సెమిస్టర్లు అతనికి నరకం. మూడో సెమిస్టర్‌లో పట్టు దొరికింది, డిగ్రీ పూర్తిచేశాడు. దొరకకుండా మానేసిన అమ్మాయి కూడా ఒకరున్నారు, ఆ సంగతీ చెప్పాలి.

నువ్వు ఫెయిలైంది మ్యాథ్స్ రాకా, ఇంగ్లిష్ రాకా? పది దాకా తెలుగు మీడియం, ఒక్కసారిగా అన్నీ ఇంగ్లిష్‌లో, అదీ మొదటి ఏడాదే. తర్వాతి ఏడాది మ్యాథ్స్ ఒకేసారికి పాసయ్యానని నువ్వే రాశావు, ఆ వాక్యం నువ్వు పట్టించుకోలేదు కానీ నేను పట్టించుకున్నాను. లాప్లాస్, ఫోరియర్ చేశావు కదా, డిగ్రీ మొదటి ఏడాదిలో నీ పక్కన కూర్చునే ఇంటర్ పిల్లలకి అవి ఇంకా రావు. వాళ్లకి వచ్చినవి కొన్ని నీకు రావు, రొటేషన్, వేవ్ ఆప్టిక్స్, ప్రాబబిలిటీ. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదో, కోఠిలోనో తెలుగు అకాడమీ ఇంటర్ మ్యాథ్స్, ఫిజిక్స్ పుస్తకాలు తెలుగువీ ఇంగ్లిష్‌వీ జతగా కొను, పాతవి తక్కువకే దొరుకుతాయి. ఎనిమిది వారాలు, రోజుకి గంట. తెలుగులో అర్థం చేసుకో, ఇంగ్లిష్‌లో రాయి. డెరివేషన్ ప్రతిదీ పుస్తకం మూసేసి మొదటి గీత నుంచి చివరి దాకా రాయి. ఎనిమిది వారాల తర్వాత ఆ గంట నీకు బరువుగా ఉందా, గంట చాలడం లేదా, అది నువ్వే చూసుకుంటావు. ఇందులో ఏదీ వృథా పోదు, ఈసెట్‌లో 200 మార్కులకి 50 మ్యాథ్స్, 25 ఫిజిక్స్, ఏ దారిన వెళ్లినా ఈ చదువు పనికొస్తుంది.

నాన్నతో మాట్లాడేటప్పుడు "నాకు ఇష్టం" అని మొదలుపెట్టకు. ఇరవై రెండేళ్లు లేత్ ముందు నిలబడి డ్రాయింగ్ తెచ్చిన ఇంజనీర్ చెప్పినట్టు చేసిన మనిషి, కూతురు ఆ డ్రాయింగ్ తెచ్చే మనిషి కావాలని కోరుకుంటున్నారు. ఆ కోరికని చిన్నచూపు చూడొద్దు. ఒక కాగితం మీద రెండు దారులూ రాసి చూపించు, ఏ ఏడాది ఎంత ఫీజు, బస్ పాస్ ఎంత, జీతం ఏ ఏడాది మొదలవుతుంది, నువ్వు సాయంత్రాలు పదో తరగతి పిల్లలకి ట్యూషన్ చెప్తే ఎంత వస్తుంది. డిప్లొమా గంగలో కలవదని కూడా చూపించు. ఇస్రోలో టెక్నికల్ అసిస్టెంట్ పోస్టుకి అర్హత ఫస్ట్ క్లాస్ డిప్లొమా, సైంటిఫిక్ అసిస్టెంట్ పోస్టుకి ఫస్ట్ క్లాస్ బీఎస్సీ, బీఎస్సీ అయ్యాక రెండు సర్టిఫికెట్లూ నీ దగ్గర ఉంటాయి. డీఆర్‌డీఓ, బార్క్ కూడా డిప్లొమా వాళ్లకీ బీఎస్సీ వాళ్లకీ పోస్టులు వేస్తుంటాయి. నాన్నకి తెలిసిన చోటే చెప్పు, ఉపగ్రహ చిత్రాల పని చూసే ఇస్రో కేంద్రం ఎన్ఆర్ఎస్‌సీ బాలానగర్‌లోనే ఉంది, ఆ గేటు ముందు నుంచి ఆయన ఎన్నిసార్లు వెళ్లి ఉంటారో. తర్వాత ఒక మాట ఇవ్వు: ఈసెట్ కూడా రాస్తాను, బీఎస్సీ మొదటి ఏడాది మ్యాథ్స్, ఫిజిక్స్ రెండూ బాగా రాకపోతే వచ్చే మేలో మళ్లీ రాసి బీటెక్‌లో చేరతాను. ఇచ్చాక నిలబెట్టుకో. మామయ్యని ఆ రోజు పిలవొద్దు.

అప్పటికీ నాన్న ఒప్పుకోకపోతే? బీటెక్‌లో చేరు, కోపంతో కాకుండా చేరు, ఫిజిక్స్‌కి పైన చెప్పిన దారి పట్టు. ఇంట్లోంచి తెగతెంపులు చేసుకుని చదవాల్సినంత ఇరుకులో నువ్వు లేవు.

చివరికి నీ ఆఖరి ప్రశ్న, ఇష్టమా, భయమా. దీనికి జవాబు నేను చెప్పలేను కానీ కనుక్కునే పద్ధతి ఒకటి చెప్తాను, నీ ప్రశ్నతోనే. ముందు జవాబులో కొంచెం: 0.7 అనేది తలుపు తెరుచుకునే గీత కాదు, కరెంట్ ఎక్స్‌పొనెన్షియల్‌గా పెరుగుతుంటే మన మీటర్‌కి కనిపించేంత అయ్యే చోటు అది. స్ఫటికంలో పరమాణువులు వరసగా ఉండటం వల్ల ఎలక్ట్రాన్‌కి కొన్ని శక్తులు దొరకవు, ఆ ఖాళీ సిలికాన్‌లో దాదాపు 1.1 ఎలక్ట్రాన్ వోల్టులు, జెర్మేనియంలో దాదాపు 0.67. ఖాళీ చిన్నదైతే గది వేడికే ఎక్కువ ఎలక్ట్రాన్లు దాటేస్తాయి, అందుకే జెర్మేనియంలో అదే కరెంట్‌కి తక్కువ వోల్టేజ్ చాలు. అసలు ఆ ఖాళీ ఎందుకు వస్తుందో తెలియాలంటే క్వాంటమ్ మెకానిక్స్ కావాలి, దానికి డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ కావాలి, నీ ప్రశ్న నుంచి మ్యాథ్స్ దాకా మెట్లు అలా ఉన్నాయి.

ఇప్పుడు చేయాల్సింది. కోఠి గుజరాతీ గల్లీలో ఒక 1ఎన్4007 డయోడ్, 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 9 వోల్టుల బ్యాటరీ కొను, మూడూ సిరీస్‌లో ఫార్వర్డ్‌లో కలుపు, డయోడ్ మీద మల్టీమీటర్ పెట్టు. డయోడ్‌కి నీళ్లు తగలకుండా సన్నటి ప్లాస్టిక్ కవర్లో గట్టిగా చుట్టి, ఐస్ నీళ్లలో, మామూలు నీళ్లలో, వేడి నీళ్లలో పెట్టి, ప్రతిసారీ రెండు నిమిషాలు ఆగి వోల్టేజ్ రాసుకో. ల్యాబ్‌లో థర్మామీటర్ అడిగి తెచ్చుకో. వేడి ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ వోల్టేజ్ దాదాపు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. గ్రాఫ్ పేపర్ మీద ఉష్ణోగ్రత గీతని మైనస్ 273 దాకా పొడిగించి, నీ చుక్కల మీదుగా వెళ్లే సరళరేఖని స్కేలుతో అక్కడిదాకా లాగు. అది 1.2 వోల్టుల చుట్టుపక్కల తగులుతుంది, పైన చెప్పిన సిలికాన్ ఖాళీకి దగ్గరగా. నీ రేఖ ఎక్కడ తగిలిందో, 1.1 దగ్గర కాకుండా పక్కకి ఎందుకు పోయిందని నీకు అనిపిస్తోందో రాసి, గ్రాఫ్ ఫోటోతో పంపు. ఈలోపు ఈసెట్ అప్లికేషన్ గడువు మాత్రం దాటనివ్వకు.